ఎగువపల్లె రాళ్లు, దిగువపల్లె నీళ్లు

అనగనగా, కొండ మీద కురిసిన వాన కొండ మీద నిలవని రోజుల్లో, పెన్నగిరి అని ఒక రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో ఒక ఎర్రకొండ. కొండ తూర్పు వాలు మీదుగా వాననీళ్లు పారే ఒక వంక కిందికి దిగేది. ఆ వంక వెంట మూడు పల్లెలు. కొండ మీద ఎగువపల్లె, నడుమ నడిమిపల్లె, కింద చదునులో దిగువపల్లె. పేర్లు పెట్టినవాళ్లు పెద్దగా ఆలోచించినట్టు లేదే అని మీరు అనొచ్చు. నిజమే. పొద్దున లేస్తే నీళ్ల కోసం తిరిగేవాళ్లకు పేర్లు ఆలోచించే తీరిక ఎక్కడిది?

ఆ సీమకు వాన చుట్టపు చూపుగా వచ్చేది. వచ్చిందంటే మాత్రం పూనకం పట్టినట్టు వచ్చేది. ఒక్క పూట దంచి కొట్టి, కొండ మీది ఎర్రమట్టిని కడుక్కుని, వంక పొడుగునా పరుగెత్తి, ఎక్కడో దూరాన ఏట్లో కలిసిపోయేది. వేసవి ముదిరేసరికి మూడు పల్లెల బావులూ ఎండిపోయేవి.

రాజు పేరు సుగుణపాలుడు. మంచివాడే. నీళ్లు నిలిపే పనులకని ఏటేటా తన గాదెల్లోంచి బండ్లకొద్దీ జొన్నలు పంపేవాడు. ఎంత మట్టి తవ్వితే అన్ని జొన్నలు. జనం తవ్వారు. తవ్విన గుంట వానాకాలానికి పూడిపోయేది. మళ్లీ అదే గుంట తవ్వేవారు. ఒక ఊళ్లో అయితే ఒకే గుంటను తాత తవ్వి, తండ్రి తవ్వి, మనవడు తవ్వి, ముగ్గురూ జొన్నలు ఇంటికి తోలుకున్నారు. ఆ గుంటలో ఒక్క గేదె ఒళ్లు తడిసిన పాపాన పోలేదు.

ఒక ఎండాకాలం రాజుగారు అటువైపు వేటకు వచ్చి దాహమడిగారు. ఊరంతా వెతికి ఒక్క ముంత నీళ్లు తెచ్చారు. అందులో సగం మట్టి. రాజుగారు ఆ ముంతను చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు. తాగారో లేదో ఎవరూ చెప్పరు గానీ, కోటకు వెళ్లగానే మంత్రిని పిలిపించారు.

"మంత్రీ, ఇన్నాళ్లూ మనం చెమటకు వెల కట్టాం. నీటికి కట్టలేదు. ఇకమీదట తవ్విన మట్టిని కొలవొద్దు. నిలిచిన నీటిని కొలిపించండి. నీరు చూపినవారికే జొన్నలు."

మంత్రి మతిసారుడు చురుకైనవాడు. వెంటనే ఏర్పాటు చేశాడు. ప్రతి ఊరి మంచినీళ్ల బావిలో రాతి మీద ఒక గీటు చెక్కించాడు. ఏటా వైశాఖ పున్నమి నాడు, ఎండ నడినెత్తిన ఉండగా, కొలతల అధికారి గానీ అతని మనుషులు గానీ వచ్చి చూస్తారు. నీళ్లు గీటును తాకితే ఆ ఊరికి ఏడాది పొడుగునా జొన్నలు. తాకకపోతే లేవు. ఎవరి బావి వారిది, ఎవరి జొన్నలు వారివి. సభలో అందరూ భేషన్నారు. నిజంగానే మంచి ఏర్పాటు అది. అందులో ఒక మెలిక ఉందని మాత్రం సభలో ఎవరికీ తోచలేదు. తోచడానికి వాళ్లలో ఎవరూ కొండ ఎక్కినవారు కారు.

*

ఎగువపల్లెకు పెద్ద ఈరమ్మ. భర్త పోయాక ఊరి పెద్దరికం ఆమె అడగకుండానే ఆమె నెత్తిన పడింది. మాట కరుకు. మనసు ఎలాంటిదనే విషయంలో ఊళ్లో రెండు అభిప్రాయాలు ఉండేవి.

రాజుగారి చాటింపు విన్న రోజే ఆమె ఊరిని పోగు చేసింది.

"వానకు కొండ దిగే తొందర ఎక్కువ. అడుగడుగునా మనం దానికి అడ్డం కూచోవాల. ప్రతి వాగుకూ రాతికట్ట వేద్దాం. వాలుకు అడ్డంగా కందకాలు తీద్దాం. ఇంకోటి, కొండ మీదికి మేకను ఎక్కనీకూడదు. గడ్డి మొలిస్తేనే మట్టి నిలిచేది."

రాళ్లు మోయమంటే ఊరు తల ఊపింది. మేకల మాట రాగానే తలలు ఆగిపోయాయి. ఎగువపల్లెకు మేకలే పొలం, మేకలే పంట. అందరికన్నా పెద్ద మంద ఈరమ్మ మరిది మల్లన్నది. ప్రతి మేకనూ పేరు పెట్టి పిలిచేవాడు. పేరు తప్పితే ఆ మేక కూడా ఒప్పుకునేది కాదు.

"మేకలు లేకుంటే యాడ బతుకుతాం వదినా? ఏం తింటాం?" అన్నాడు మల్లన్న.

"రాజుగారి జొన్నలొస్తాయి. పూచీ నాది."

"నీ మాట మీద తోలుకపోతాండా" అన్నాడు మల్లన్న. మర్నాడు మందను సంతకు తోలుకుపోయి, ఒక్కడే తిరిగొచ్చి, అన్నం దగ్గర కూర్చుని లేచిపోయాడు. అతని వెనకే మిగతా ఊరు కూడా మేకలను అమ్ముకుంది. అప్పటినుంచి ఊరి తిండి అంతా ఈరమ్మ మాట మీద ఆనుకుని ఉంది. ఆ సంగతి ఆమెకు నిద్రలో కూడా గుర్తుండేది.

ఆ ఏడు ఊరంతా రాళ్లు మోసింది. ఆడామగా, ముసలీముతకా అందరూ మోశారు. వానాకాలంలో ఎప్పటిలాగే వాన వచ్చి పడింది. అయితే ఈసారి కట్ట దగ్గర ఆగింది, కందకంలో దిగింది, గడ్డిలో చిక్కుకుంది. వంకలో ఎర్రనీళ్లు పొర్లలేదు. ఊరు గట్టున నిలబడి చూసి ఈలలు వేసింది.

వైశాఖ పున్నమి వచ్చింది. కొలతల అధికారి సోమదత్తుడు వచ్చాడు. సన్నటి మనిషి, నవ్వడు, కసరడు. తాడుకు గుండు కట్టి బావిలోకి వదిలాడు. ఊరంతా బావి చుట్టూ ఊపిరి బిగబట్టి నిలబడింది. తాడు దిగుతూనే ఉంది. గీటు దాటింది. ఇంకా దిగింది. చివరికెప్పుడో అడుగున టప్పుమని చప్పుడైంది.

"నీళ్లు గీటును తాకలేదు" అన్నాడు సోమదత్తుడు.

"ఇంకోసారి చూడండయ్యా" అంది ఈరమ్మ.

అతను విసుక్కోకుండా ఇంకోసారి చూశాడు. తాడు మాట మార్చలేదు.

అదే మధ్యాహ్నం నడిమిపల్లెలో నీళ్లు గీటును అంటీ అంటనట్టు తాకాయి. దిగువపల్లెలో అయితే గీటును ముంచేసి మరో రెండు మెట్లు ఎక్కాయి. ఆ ఊరి పెద్ద నారపయ్య నీళ్ల కోసం చేసిన పని ఒక్కటే. మేళతాళాలతో ఊరి బయట ఒక గుంట తవ్వించి, పారకు కుంకుమ బొట్టు పెట్టి, ఊరందరికీ పానకం పోయించాడు. ఆ మర్నాటినుంచి గుంట వైపు ఎవరూ వెళ్లలేదు. అయినా రాజుగారి జొన్నల బండ్లు బారులు తీరి దిగువపల్లెకే పోయాయి.

*

ఈరమ్మకు అర్థం కావడానికి కొన్నాళ్లు పట్టింది. ఎగువపల్లె బావి కిందంతా అఖండమైన బండ. కొండ మీద ఇంకిన నీళ్లు ఆ బండ మీదికి చేరి, దాని అంచు వెంట జారి, మెల్లగా కిందికి నడిచి, దిగువపల్లెలో ఊటగా తేలుతున్నాయి. రాళ్లు మోసిన ఊరు ఒకటి, నీళ్లు తేలిన ఊరు ఇంకొకటి. మంత్రిగారు ప్రతి ఊరినీ దాని బావిలోనే కొలవమన్నారు. నీళ్లకు పొలిమేరలు తెలియవు కదా!

తెలిసి మాత్రం ఏం చేస్తుంది? "ఇంకో ఏడు చూద్దాం" అంది. ఊరు గొణుక్కుంటూనే చూసింది. గడ్డలూ ఆకులూ తిని రోజులు గడిపింది. విరిగిన కట్టలు మళ్లీ కట్టింది.

రెండో వైశాఖ పున్నమి నాడు ఈరమ్మ పొద్దున్నే నడిమిపల్లెకు వెళ్లింది. అధికారికి ఎదురువెళ్లి, బండ సంగతి దారిలోనే చెప్పుకుందామని ఆమె ఆశ. అతను వేరే దారిన వస్తున్నాడని తెలిసి, వచ్చిన దారినే వెనక్కి వచ్చింది. ఊళ్లోకి వచ్చి అలవాటుగా బావిలోకి తొంగి చూసింది.

నీళ్లు! గీటు దాకా నీళ్లు. పైన ఆకాశం కనబడేంత తేట నీళ్లు.

ఆమెకు రెండేళ్ల బరువు భుజాల మీదినుంచి ఎవరో దించినట్టయింది. చేతులు జోడించబోయింది. అప్పుడు చూసింది, బావి గట్టు చుట్టూ తడి బండిచక్రాల జాడలు. ఆ జాడల చివర, చెట్టు నీడన, ఖాళీ పీపాల మీద మల్లన్నా మిగతా మగవాళ్లూ కూర్చుని ఉన్నారు. ఎవరూ ఆమె కళ్లలోకి చూడలేదు.

"యాడి నీళ్లు ఇవి?"

"దిగువపల్లె నీళ్లు" అన్నాడు మల్లన్న. "తోడుకుని తెచ్చినాం. తప్పేముంది వదినా? ఆపింది మనం. రాళ్లు మోసింది మనం. అవి మన నీళ్లే గదా! మన నీళ్లను మన బావిలో పోసుకుంటే దొంగతనమా?"

అతని మాటలో న్యాయం ఉంది. పైగా అతని పిల్లల చెంపలు ఎలా పీక్కుపోయాయో ఆమె రోజూ చూస్తూనే ఉంది. ఇంతలో సోమదత్తుడు రానే వచ్చాడు. తాడు వదిలాడు. గుండు గీటు దగ్గరే నీళ్లను తాకింది. అతను తల పైకెత్తి, నోరు తెరవబోయాడు.

"అయ్యా" అంది ఈరమ్మ. "అవి ఊరిన నీళ్లు కావు. పోసిన నీళ్లు."

ఎవరో ముసలావిడ నోట్లో కొంగు కుక్కుకుంది.

సోమదత్తుడు ఆమెను పరకాయించి చూశాడు. "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"అందుకే చెప్పినా. ఈ పొద్దు ఈ బావి అబద్ధమాడితే, రేపు రాజుగారు ఏ బావినీ నమ్మడు. మళ్లీ పాత గుంటల కాలమే వస్తాది."

అతను తాడు చుట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. జొన్నలు మాత్రం రాలేదు.

ఆ రోజునుంచి ఊరు ఈరమ్మతో మాట్లాడటం మానేసింది. వీధిలో ఎదురైతే పక్కకు తప్పుకునేవారు. మల్లన్న పెళ్లాం ఇంటి ముందు ముగ్గు వేస్తూ, ఈరమ్మ రాగానే ముగ్గు సగంలో ఆపి లోపలికి వెళ్లిపోయింది. ఈరమ్మ ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చింది. తాను నిజం చెప్పిందనే సంగతి ఆ పూట ఆమెకు ఏమాత్రం ఊరటగా లేదు. నిజం చెప్పినా పిల్లలు పస్తులే ఉన్నారు కదా.

*

ఊరు వలసకు సిద్ధమైంది. పడుచువాళ్లు కూలికి సముద్రం వైపు పోతారు. మరి నడవలేని ముసలివాళ్లు, చంటిపిల్లలు? వాళ్లకు చోటు అడుగుదామని ఈరమ్మ తన పుట్టింటికి బయలుదేరింది. పుట్టిల్లు ఎర్రకొండకు అవతల, పడమటి వాలు కింద. తమ్ముడు గంగప్ప అక్కడే ఉంటాడు.

ఊరు చేరేసరికి ఇళ్లలో ఒక్క ఆడమనిషి లేదు. అందరూ ఆ ఊరి వంకలో ఉన్నారు. ఇసుకలో మోకాటి లోతున చెలమలు తవ్వుకుని, ఊరే నీటికోసం చుట్టూ కూర్చున్నారు. ఈరమ్మ మరదలు సుంకులమ్మ కొబ్బరిచిప్పతో నీళ్లు తోడి, చిప్పెడు చిప్పెడుగా బిందెలో పోస్తోంది. బిందె అడుగు కూడా తడవలేదు.

"ఏందే సుంకులూ, మన బావి ఏమైంది?"

"యాడ వదినా, శివరాత్రికే ఎండిపాయె" అంది సుంకులమ్మ. వెంటనే చిప్పలో ఉన్న నీళ్లు ఆడబిడ్డకు చాపింది. "ఎండన పడి వచ్చినావు, ముందు నోరు తడుపుకో."

ఈరమ్మ ఆ చిప్ప అందుకుంది గానీ నోటిదాకా ఎత్తలేకపోయింది. నాలుగు మైళ్ల అవతల దిగువపల్లెలో ఆడవాళ్లు గట్టున వంగి చేత్తో నీళ్లు ముంచుకుంటున్నారు. ఇక్కడ తన పుట్టింటి ఆడవాళ్లు ఇసుకను బతిమాలుతున్నారు. అదే కొండ. అదే మబ్బు. అదే వాన రెండు వైపులా పడింది. అటు రాతికట్టలు ఉన్నాయి, ఇటు లేవు. తేడా అంతే.

ఆమె చటుక్కున లేచి నిలబడింది. చిప్పలోని నీళ్లు తొణక్కుండా సుంకులమ్మ బిందెలో పోసింది.

"ఏం వదినా, కూచోవా?"

"మళ్లీ వస్తా. ఈసారి ఒట్టి చేతులతో రాను" అంది ఈరమ్మ. వచ్చిన పని అడగడం కూడా మరిచిపోయి కొండ ఎక్కింది.

కొండ మీద ఇంకో సంగతి ఆమె కోసం కాచుకుని ఉంది. మల్లన్న, అతనితో పాటు మగవాళ్లందరూ గడ్డపారలు పట్టుకుని పెద్ద రాతికట్ట మీద నిలబడి ఉన్నారు.

"పోయేముందు పగలగొట్టి పోతాం" అన్నాడు మల్లన్న. అన్నాళ్లకు అతను ఆమెతో మాట్లాడిన మొదటి మాట అది. "ఈ కట్టలు లేకుంటే వచ్చే ఏడు దిగువపల్లె బావి ఎండుతాది. అప్పుడు తెలుస్తాది రాజుగారికి, నీళ్లు ఎవరి పుణ్యమో. నువ్వే అంటివి గదా, నిజమే చూపించాలని. ఇదీ నిజమే."

మాట పదునైనదే. అలా చేస్తే రుజువు తిరుగులేనిది కూడా. ఈరమ్మ కట్ట ఎక్కి అతని ఎదుట నిలబడింది.

"మల్లన్నా, నేను ఇప్పుడే చెలమల కాణ్ణుంచి వస్తాండా. నా మరదలు నీళ్ల కోసం ఇసుక గీరుతా ఉంటే చూసినా. దిగువపల్లె ఆడోళ్లను కూడా అట్లా కూచోబెడతావా? ఆ ఊరి పెద్దకు సిగ్గు లేకపోవచ్చు, వాళ్ల పిల్లకాయలేం చేసినారు? మన నిజం చూపించడానికి ఇంకో ఊరి గొంతు ఎండాల్నా?"

"మరి మన పిల్లకాయలో?" అని అరిచాడు మల్లన్న. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "వాళ్ల గొంతు నీకు కనపడలేదా వదినా?"

"కనపడబట్టే నీ కాళ్లు పట్టుకుంటాండా" అంది ఈరమ్మ. పెద్దరికం, వరస అన్నీ పక్కన పెట్టి నిజంగానే వంగబోయింది. మల్లన్న గడ్డపార వదిలేసి ఆమె చేతులు పట్టుకున్నాడు.

"రాజుగారి దగ్గరికి నాతో రా. ఆయన వినకుంటే, నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి. నేను అడ్డం రాను."

*

సభలో మంత్రి మతిసారుడు కనుబొమలు ఎగరేశాడు. "నీ బావిలో నీరు లేదు. జొన్నలు అడగడానికి వచ్చావా?"

"అయ్యా, మీ తాడు తప్పు చెప్పలేదు" అంది ఈరమ్మ. "తాడు వేసిన చోటు సరిపోలేదు. మేము కొండ మీద నీళ్లు పట్టుకుంటాండాం. అవి కింద తేల్తాండాయి. కొండకు తూర్పున కట్టలు ఉండాయి, పడమట లేవు. రెండు వైపులా బావులు చూడండి. అంతకన్నా నేనేం అడగను."

సుగుణపాలుడు కొలతల అధికారి వైపు తిరిగాడు. "సోమదత్తా, ఈమె మాట నమ్మదగినదేనా?"

"ప్రభూ, జొన్నలు చేతికి అందే వేళ, తన బావిలోవి పోసిన నీళ్లని తానే చెప్పిన మనిషి ఈమె. తన ఊరు పస్తుంటుందని తెలిసీ చెప్పింది. ఈమె మాట నమ్మకపోతే నేనిక ఎవరి మాటా నమ్మలేను" అన్నాడు సోమదత్తుడు. అతను అంత పొడుగు మాట మాట్లాడటం సభ ఎన్నడూ వినలేదు. "గీటు చెక్కిన ఏడు నేను రెండు వైపులా తిరిగాను. అప్పుడు తూర్పూ పడమరా ఒకేలా ఎండి ఉన్నాయి. ఇప్పుడు పడమట బావులన్నీ బోసిగా ఉన్నాయి. తూర్పున కింది బావులు నిండాయి. నేను బావులు వేరువేరుగా కొలిచాను, పక్కపక్కన పెట్టి చూడలేదు."

మంత్రి అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. "దిగువపల్లెవారూ గుంట తవ్వారు. ఆ నీరు ఆ గుంట వల్లే వచ్చిందేమో!"

నారపయ్యకు కబురు వెళ్లింది. మంచి తలపాగా చుట్టుకుని, కానుకగా రెండు గుమ్మడికాయలు మోయించుకుని వచ్చాడు.

"నీ గుంటలో వాననీరు ఎన్నాళ్లు నిలిచింది?" అడిగాడు రాజు.

"నిలవలేదు ప్రభూ. దాంట్లో ఇప్పుడు పేడ వేసుకుంటాండాం."

"మరి నీ బావిలోకి నీరు ఎలా వచ్చింది?"

"అంతా దేవుడి దయ ప్రభూ."

"ఆ దేవుడికి కొండ పడమటివారి మీద ఎందుకు దయ లేదు?"

అప్పటిదాకా మూలన నిలబడిన మల్లన్న ఇక ఆగలేకపోయాడు.

"దయ దేవుడిది కాదయ్యా, మా వదినది! కట్టలు పగలగొడతామని మేమంతా గడ్డపారలు పట్టుకుని పోయినాం. ఒక్క దెబ్బ వేసుంటే వచ్చే వైశాఖానికి మీ బావి ఎండేది. ఈమె అడ్డం పడింది. మేము పస్తులుండి మీ నీళ్లు కాపాడినాం."

నారపయ్య ముఖం పాలిపోయింది. అతని ఇంట్లో కూతురు కాన్పుకు వచ్చి ఉంది. నెల తిరగని పసిగుడ్డు. ఆ పిల్లకు పొద్దునా సాయంత్రం నీళ్లు పోస్తున్నది ఆ బావిలోంచే. అతను ఈరమ్మ వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు. తన గొప్ప మరిది చెప్పుకున్నందుకు ఆమెకు కోపంగా ఉంది.

నారపయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "ప్రభూ, రెండేళ్లుగా మేము తింటున్న జొన్నలు మావి కావు. నాకు లోలోపల తెలుసు. అడిగేవారు లేక ఊరుకున్నా."

మంత్రి ముందుకు వచ్చాడు. "ప్రభూ, నేను ఊళ్లను కొలిపించాను. కొలిపించవలసింది వంకను" అన్నాడు. తప్పు ఒప్పుకోవడానికి ఆయన ముఖం కొంచెం ఎర్రబడింది గానీ, గొంతు తడబడలేదు.

సుగుణపాలుడు తీర్పు చెప్పాడు. "కొలత మానం. కొలతను విస్తరిద్దాం. ఇకనుంచి కొండ నెత్తినుంచి చదును దాకా వంక అంతా ఒకటే లెక్క. నీరు ఎక్కడ తేలితే అక్కడ కొలుస్తారు. ఆ నీటిని ఎక్కడ పట్టి ఉంచారో అక్కడికి జొన్నల్లో పెద్ద పాలు వెళుతుంది. కిందివారికీ పాలు ఉంటుంది, కానీ పైకి వెళ్లి కట్టల పనిలో చెయ్యి వేస్తేనే." తర్వాత ఈరమ్మను అడిగాడు. "నీకేం కావాలి?"

"పడమటి వాలు మీద కూడా పని మొదలుపెట్టించండి ప్రభూ. రాళ్లు ఎట్లా పేర్చాలో మావాళ్లు చూపిస్తారు."

"నీకని ఏమీ అడగలేదు."

"అక్కడ నా మరదలుంది. నాకనే అడిగినా" అంది ఈరమ్మ.

*

జొన్నల బండ్లు ఎగువపల్లె ఎక్కాయి. బండ్లు దిగువపల్లెవి, ఎద్దులు దిగువపల్లెవి. బండ్ల వెనక దిగువపల్లె ఆడవాళ్లు వరుసగా నడిచి వచ్చారు. ఒక్కొక్కరి నెత్తిన ఒక్కో బిందె, నిండా నీళ్లు. ఎగువపల్లె బావి కింద బండ ఉందని, ఎన్ని రాళ్లు మోసినా ఆ ఊరి గీటు ఎప్పటికీ తడవదని వాళ్లకు ఇప్పుడు తెలుసు.

ముందు నడుస్తున్నది నారపయ్య కూతురు. చంకలో పసిబిడ్డ. ఏటవాలు దారికి రొప్పుతోంది. ఈరమ్మను చూడగానే బిడ్డను ఆమె చేతుల్లో పెట్టి, బిందె దించి, ముంతతో నీళ్లు ముంచి ఆమెకు అందించింది.

"మీ నీళ్లే పెద్దమ్మా. తాగండి" అంది.

నలుగురిలో ఎన్నడూ కంట తడి పెట్టని ఈరమ్మ, బిడ్డను ఎత్తుకునే ఆ నీళ్లు తాగుతూ ఏడ్చింది. మల్లన్న పెళ్లాం పరుగున వచ్చి, కొంగుతో ఆమె ముఖం తుడిచి, అక్కా అని పిలిచింది. మల్లన్న మాత్రం రాలేదు. అతను దిగువపల్లె మగవాళ్లను వెంటబెట్టుకుని అప్పటికే కొండ మీద ఉన్నాడు. రాయి పట్టుకోవడం కూడా రాదని వాళ్లను నోరారా తిడుతూ, పెద్ద కట్ట మీద ఇంకో వరుస పేర్పిస్తున్నాడు.

అందుకే పిల్లలూ, మేలు ఎంత జరిగిందో కొలిస్తే చాలదు, అది ఎవరి కష్టంతో జరిగిందో కూడా చూడాలి; అప్పుడు కూడా, తనకు నష్టమైనా నిజం చెప్పే మనిషి ఉంటేనే ఆ కొలత నిలుస్తుంది.